వంటింటి పద్దు – శనివారం రాత్రి గొట్టాల ఉప్మా



ఈ శీర్షిక కింద ఇంతవరకూ ఎక్కువగా మన వంటల లెక్కలే చూసుకుంటూ వచ్చాం. ఈసారి ఒక పరాయి వంట గురించి రాయబోతున్నాను. పరాయిదని పేజీ తిప్పెయ్యకండి. అందులో గోధుమరవ్వ ఉంది, ఆకుకూర ఉంది, పాలతో చేసిన వస్తువు ఉంది. ఈ మూడూ మన ఇళ్ళలో లేనివి కావు. మూడింటినీ ఒకే గిన్నెలో కలిపే అలవాటే మనకి లేదు. వంటతోపాటు నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. వంట మాత్రం రాసి పొరపాటు దాచేస్తే పద్దు సగమే రాసినట్టవుతుంది.

ముందు మా ఇంటి శనివారాల సంగతి చెబుతాను.

మా అమ్మకి ఇప్పుడు 79 ఏళ్ళు. పెళ్ళయిన ఏడాది మొదలు శనివారం రాత్రి అన్నం ముట్టదు. వేంకటేశ్వరస్వామి పేరు చెప్పుకుని పట్టిన నియమం. ఆ రోజు ఉల్లి, వెల్లుల్లి తన కంచం దగ్గరికి రాకూడదు. రాత్రికి ఏదో ఒక ఫలహారం. గోధుమరవ్వ ఉప్మా, లేకపోతే సేమియా, లేకపోతే రెండు చపాతీలు. నాకేమో చారన్నం లేకపోతే నిద్ర పట్టదు. ఇంజనీరింగు చదివే మా అమ్మాయికి ఉప్మా అంటే మొహం మాడిపోతుంది. ఫోను తీసి బయటినుంచి ఏదో తెప్పించుకుని తన గదిలో కూర్చుని తినేది. మా ఆవిడ ఉపాధ్యాయిని. వారమంతా బడిలో పిల్లలతో వేగి, శనివారం పూట కూడా అత్తగారికొకటి, మొగుడికొకటి వండి, చివరికి తను పొయ్యి దగ్గరే నిలబడి ఏది మిగిలితే అది తినేది. ఇంట్లో ఉన్నది నలుగురం. భోజనాలు మూడు రకాలు, మూడు వేళలు.

2015 సెప్టెంబరు 1 నుంచి బ్యాంకులకి నెలలో రెండో శనివారం, నాలుగో శనివారం సెలవులు వచ్చాయి. కొన్నాళ్ళు చూసి చూసి ఒకరోజు మా ఆవిడ అంది, "ఏమండీ, సెలవులు మీకు వచ్చాయి గానీ నాకు రాలేదు. ఆ రెండు రాత్రుల వంట మీరు పుచ్చుకోండి." న్యాయమైన మాట. నాకు వచ్చిన వంట కాఫీ, చారు. ఆ రెండింటితో నలుగురికి రాత్రి గడవదు. ఏం చెయ్యాలా అని చూస్తుంటే మా అమ్మాయి, "పాస్తా చెయ్యండి నాన్నా, అరగంట పని" అంది.

సరేనని పొట్లం తెచ్చాను. వేలెడేసి గొట్టాలు, రెండు చివర్లా ఏటవాలుగా కోసినవి. వాటిని పెన్నె అంటారట. అమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. "ఇది దేనితో చేస్తారురా?" అని అడిగింది. పొట్లం మీద చదివి చెప్పాను. డ్యూరమ్ గోధుమ రవ్వ, నీళ్ళు. అంతే, మరేమీ లేదు. అమ్మ ఒక గొట్టాన్ని పంటికింద పెట్టి కొరికి, "ఇది మన బన్సీ రవ్వేరా. సేమియాకి అన్నగారన్నమాట. అయితే ఫలహారమే" అని తీర్పు చెప్పేసింది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో దాని పేరు గొట్టాల ఉప్మా.

అమ్మ మాటలో ఎంత నిజముందో తర్వాత తెలుసుకున్నాను. కర్ణాటకలో ఉన్న మనవాళ్ళందరికీ బన్సీ రవ్వ తెలుసు. బెంగుళూరు కిరాణా కొట్లలో ఉప్మాకి అడిగితే ముందు దాన్నే చూపిస్తారు. కాస్త పసుపు రంగులో, ముద్దకాకుండా పొడిపొడిగా ఉడుకుతుంది. అది డ్యూరమ్ జాతి గోధుమే. డ్యూరమ్ అంటే లాటిన్ భాషలో గట్టిది అని అర్థం. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని మాళ్వా ప్రాంతం ఈ గోధుమకి పేరు పొందింది. గింజ గట్టిగా ఉండడం వల్ల విసిరితే మెత్తటి పిండి కాకుండా రవ్వ అవుతుంది. ఆ రవ్వని నీళ్ళతో గట్టిగా కలిపి, అచ్చుల్లోంచి ఒత్తి, ఆరబెడితే పాస్తా. మన సేమియా పద్ధతీ అదే. ఇటలీలో 1967లో చట్టమే చేశారు, ఎండు పాస్తాని డ్యూరమ్ గోధుమతోనే తయారు చెయ్యాలని. మన బజార్లో మైదాతో చేసినవీ, మైదా కలిపినవీ కూడా దొరుకుతాయి. అవి ఉడికేసరికి జిగురు కట్టి ముద్దయిపోతాయి. కొనేముందు పొట్లం వెనక వైపు చదవండి.

మార్కో పోలో చైనా నుంచి పాస్తాని ఇటలీకి తెచ్చాడని ఒక కథ ప్రచారంలో ఉంది. తారీకులు సరిచూస్తే ఆ కథ నిలబడదు. మార్కో పోలో వెనిస్‌కి తిరిగి వచ్చింది 1295లో. అంతకు 140 ఏళ్ళ ముందే, 1154లో, అల్ ఇద్రిసీ అనే అరబ్బు భూగోళ శాస్త్రజ్ఞుడు తన గ్రంథంలో సిసిలీ ద్వీపంలోని ట్రాబియా అనే ఊరి గురించి రాశాడు. అక్కడ గోధుమపిండితో సేమియాలాంటి తీగల్ని విరివిగా తయారుచేసి ఓడల మీద దూరదేశాలకి పంపుతున్నారని ఆయన నమోదు చేశాడు. ఎండబెట్టిన వస్తువు కనుక ఓడ ప్రయాణానికి చెడదు. మన వడియాలు, అప్పడాలు ఊళ్ళు దాటి ప్రయాణం చేసే కారణం కూడా ఇదే కదా.

ఇక అసలు విషయానికి వద్దాం.

కావలసినవి (నలుగురికి):

పెన్నె పాస్తా 300 గ్రాములు.
పాలకూర 2 మధ్యరకం కట్టలు (కాడలు తీసి శుభ్రం చేశాక సుమారు 300 గ్రాములు).
ప్రాసెస్డ్ చీజు 100 గ్రాములు (25 గ్రాముల క్యూబులైతే నాలుగు).
కాచి చల్లార్చిన పాలు అర కప్పు.
వెన్న లేక నూనె 2 చెంచాలు.
కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 1 చెంచా.
జాజికాయ, గీరిన పొడి చిటికెడు.
ఉప్పు తగినంత, నీళ్ళు 3 లీటర్లు.

చేసే విధానం:

ముందుగా పెద్ద గిన్నెలో 3 లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టండి. నేను మొదటిసారి చేసిన తప్పు ఇక్కడే. ఉప్మాకి కొలిచినట్టు ఒకటికి రెండున్నర నీళ్ళు పోశాను. గొట్టాలన్నీ ఒకదానికొకటి అంటుకుని దిమ్మ కట్టాయి. ఉప్మాలో పోసిన నీళ్ళన్నీ రవ్వ పీల్చుకోవాలి. పాస్తా అలా కాదు. దీన్ని గంజి వార్చే అన్నంలాగ వండాలి. 100 గ్రాములకి ఒక లీటరు లెక్కన నీళ్ళు ఉంటే గొట్టాలు విడివిడిగా తిరుగుతూ ఉడుకుతాయి. కుక్కరు జోలికి పోకండి.

నీళ్ళు మరిగేలోగా పాలకూర పని చూసుకోవచ్చు. మూడు నీళ్ళలో కడగండి. కొళాయి కింద పెట్టి కడిగితే ఇసుక పోదు. గిన్నెలో నీళ్ళు పోసి ఆకుని ముంచి, ఇసుక అడుక్కి దిగాక ఆకుని పైకి ఎత్తి తీయాలి. నీళ్ళతో పాటు వంపేస్తే ఆ ఇసుక మళ్ళీ ఆకు మీదే పడుతుంది. కడిగాక సన్నగా తరగండి. రెండు కట్టల ఆకు తట్టెడు కనిపిస్తుంది. చూసి భయపడనక్కరలేదు, మగ్గితే గుప్పెడవుతుంది.

నీళ్ళు తెర్లుతున్నప్పుడు ఒక చెంచాడు ఉప్పు వేసి, పాస్తా వేసి ఒకసారి కలపండి. పొట్లం మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటుందో దానికి ఒక నిమిషం ముందే ఒక గొట్టం తీసి కొరికి చూడండి. మెత్తగా ఉంటూనే మధ్యలో కాస్త పలుకు తగలాలి. ఇటలీవాళ్ళు పంటికి తగలాలి అని చెప్పేది దీన్నే. మన అమ్మమ్మలు అన్నం పలుకు మీద దించమని చెప్పినట్టే అనుకోండి. వార్చేముందు ఆ ఉడికిన నీళ్ళు ఒక కప్పు పక్కకి తీసి ఉంచుకోండి. అది గంజే. రవ్వలోంచి దిగిన పిండి అందులో ఉంటుంది. చీజునీ, వెన్ననీ విడిపోకుండా కలిపి ఉంచేది ఆ గంజే.

పాస్తా ఉడికేలోపల పక్క పొయ్యి మీద మూకుడు పెట్టి, వెన్న వేసి, మిరియాలు వేసి, వాసన రాగానే పాలకూర వెయ్యండి. మూత పెట్టకండి, ఆకుపచ్చదనం పోతుంది. రెండు మూడు నిమిషాలు చాలు. పాలు పోసి, జాజికాయ పొడి వేసి, పొయ్యి బాగా తగ్గించండి. వార్చిన గొట్టాలు అందులో వేసి, అర కప్పు గంజి పోసి కలపండి. ఇప్పుడు పొయ్యి ఆపేసి, తురిమిన చీజు కొద్దికొద్దిగా చల్లుతూ కలపండి. మరుగుతున్న దాంట్లో చీజు వేస్తే ఉండలు కట్టి తీగలు సాగుతుంది. దించాక ఆ వేడికే కరిగితే వెన్నలాగ పట్టుకుంటుంది. గట్టిగా అనిపిస్తే ఇంకాస్త గంజి పొయ్యండి. రుచి చూశాకే ఉప్పు సంగతి. ప్రాసెస్డ్ చీజులో ఉప్పు బాగానే ఉంటుంది. మా ఇంట్లో పైన ఉప్పు వెయ్యం, అమ్మకి రక్తపోటు ఉంది.

వెల్లుల్లి లేకుండా రుచేమిటని అమ్మాయి మొదట్లో గొణిగింది. మిరియాలు, జాజికాయ కలిస్తే ఆ లోటు తెలియదు. పాలకూరకి జాజికాయ వెయ్యడం ఇటలీవాళ్ళ ఇళ్ళలో కూడా ఉన్న అలవాటే. అంతగా కావాలంటే మిగతా రోజుల్లో రెండు రెబ్బలు నేతిలో వేయించి ఎవరి కంచంలో వారు వేసుకోవచ్చు. నిమ్మకాయ పిండుకునేవారు కూడా కంచంలోనే పిండుకోవాలి. గిన్నెలో పిండితే పాలు విరుగుతాయి.

పాలకూర బదులు తోటకూర వాడుకోవచ్చు. మన పాఠకులు నాలుగైదు రాష్ట్రాల్లో ఉన్నారు కనుక బజారులో అడిగే పేర్లు చెబుతాను. బెంగుళూరులో దంటు సొప్పు, మద్రాసు వైపు ములైకీరై, బరంపురంలో కొసలా సాగ, బొంబాయిలో మాఠ్. యానాంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు, అక్కడ తోటకూరే తోటకూర. మెంతికూర అయితే సగం పాలకూర, సగం మెంతికూర కలపండి, చేదు తగులుతుంది గానీ పెద్దవాళ్ళకి నచ్చుతుంది. గోంగూర మాత్రం వద్దు. నిమ్మరసం సంగతే దానిదీ. పాలకూరలో ఆక్సలేటు ఎక్కువ. మూత్రపిండాల్లో ఆ రకం రాళ్ళు వచ్చినవారు డాక్టరు సలహా లేకుండా తరచుగా తినకూడదు. గుండె జబ్బుకి వార్ఫరిన్ మాత్ర వాడే పెద్దలు కూడా ఆకుకూరల పరిమాణం ఉన్నట్టుండి పెంచకూడదు.

ఇంతవరకూ జమ. ఇప్పుడు ఖర్చు వైపు చూద్దాం.

రెండేళ్ళ కిందట విదేశంలో ఉన్న మా మేనల్లుడు వస్తూ వస్తూ ఒక చీజు ముక్క తెచ్చాడు. ఇటలీ దేశపు పార్మిజానో. ఇటుకలాగ గట్టిగా, లేత పసుపు రంగులో ఉంది. కనీసం 12 నెలలు మాగబెడితేగాని అమ్మరట. "మామయ్యా, మీ గొట్టాల ఉప్మాకి అసలు చీజు ఇది" అన్నాడు. తురిమి వేస్తే నిజంగానే ఆ రుచి వేరు. ఆ నెల రెండో శనివారం వేశాను, నాలుగో శనివారం వేశాను. అమ్మ రెండుసార్లూ మారు వడ్డించుకుంది.

ఆ తర్వాత ఒక రాత్రి మా అమ్మాయి ఆ కాగితం చూసింది. దాని మీద ఇటాలియన్ భాషలో మూడే మాటలున్నాయి. పాలు, ఉప్పు, మూడోది 'కాల్యో'. ఆ మూడోదేమిటో అమ్మాయి వెతికి చూసి నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పింది. "నాన్నా, ఇది పాలని గడ్డ కట్టించే పదార్థం. దూడ కడుపులోంచి తీస్తారు."

మన పెరుగు తోడుతో తోడుకుంటుంది. పన్నీరు నిమ్మరసంతో విరుగుతుంది. చీజుకి పాలని గడ్డకట్టించడానికి రెన్నెట్ అనే పదార్థం వాడతారు. పాలు తాగే వయసులో ఉన్న దూడ నాలుగో కడుపు లోపలి పొరలో కైమోసిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. తల్లి పాలని కడుపులో గడ్డకట్టించి అరిగేలా చెయ్యడం దాని పని. కోసిన దూడల కడుపులోంచి దాన్ని తీసి చీజు చెయ్యడం యూరపులో వందల ఏళ్ళుగా వస్తున్న పద్ధతి. పార్మిజానో, గ్రానా పడానో చీజుల్ని దూడ రెన్నెట్‌తోనే చెయ్యాలని వాటి నిబంధనల్లోనే ఉంది. పెకోరినో రొమానోకి గొర్రెపిల్లది వాడతారు. మాంసం తినే ఇళ్ళలో ఇది పట్టించుకోవలసిన విషయం కాదు. మా అమ్మ విషయంలో మాత్రం అలా కాదు. ఆవిడ జన్మలో గుడ్డు ముట్టలేదు. అటువంటి మనిషి కంచంలో, అదీ శనివారం రాత్రి, నా చేత్తో వడ్డించాను.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా ఆవిడకి చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, "తెలియక జరిగింది. ఈ వయసులో ఆవిడకి చెప్పి క్షోభ పెట్టడం ఎందుకు? మిగిలిన ముక్క ఎవరికైనా ఇచ్చేయండి. ఇకమీదట జాగ్రత్తగా ఉందాం" అంది. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. అమ్మ మీద ప్రేమతో అన్నదే. చాలామంది ఇళ్ళలో ఇలాగే సర్దుకుంటారు కూడా.

నాకెందుకో మనసొప్పలేదు. బి.కాం. చదివి ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి. మా దగ్గర తప్పు పద్దు పడితే దాన్ని చెరపకూడదు, పైన దిద్దకూడదు. ఎదురు పద్దు వేసి, ఎందుకు వేశామో పక్కన రాసి, సంతకం పెట్టాలి. పైగా ఆ నియమం అమ్మది, నాది కాదు. ఖాతా ఆవిడ పేరు మీద ఉంది. ఖాతాదారుకి తెలియకుండా ఆవిడ మంచి కోసమని నేను లెక్క సర్దితే, బ్యాంకులో దాన్ని ఏమంటారో నాకు బాగా తెలుసు.

మర్నాడు ఆదివారం. పొద్దున్న కాఫీ తాగి అమ్మ పువ్వులు కడుతోంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ దారం ముడి వేస్తూనే విన్నది. మాల పూర్తయ్యాక అడిగింది.

"నీకు తెలిసి పెట్టావా?"

"లేదమ్మా."

"చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

అమ్మ ఇంకేమీ అనలేదు. లేచి వెళ్ళి తలంట్లు పోసుకుంది. ఆ రోజు మధ్యాహ్నం గాని రాత్రి గాని ఏమీ తినలేదు, మజ్జిగ మాత్రం పుచ్చుకుంది. మా ఆవిడ నాకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. చెప్పి తప్పు చేశానా అని నాకూ అనిపించింది. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి ఇవతలికి వచ్చాక అమ్మ నా దగ్గర ఆగి, "నా శనివారాలు నేను చూసుకుంటానురా. నువ్వు డబ్బా చూడు" అంది. అంతే.

తర్వాత రెండు నెలలు మా ఇంట్లో గొట్టాలు ఉడకలేదు. రెండో శనివారం, నాలుగో శనివారం నేను బన్సీ రవ్వ ఉప్మాయే చేశాను. అమ్మ తిన్నది, మా ఆవిడ తిన్నది. అమ్మాయి కూడా ఫోను ముట్టకుండా మాతోపాటే కూర్చుని తిన్నది. ఆ కాగితం చదివింది తనే కనుక ఆ పిల్ల మనసులోనూ బరువుందని నాకు తెలుసు.

ఆ రెండు నెలల్లో డబ్బాలు చూడడం నేర్చుకున్నాను. నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను, మరో ఇంట్లో ఇటువంటిది జరగకుండా ఉంటే చాలు.

చీజు గడ్డకట్టించడానికి ఇప్పుడు దూడ కడుపు ఒక్కటే దారి కాదు. కొన్ని రకాల బూజులనుంచి అదే పని చేసే ఎంజైమ్ తీస్తారు. దాన్ని మైక్రోబియల్ రెన్నెట్ అంటారు. దూడలో ఉండే కైమోసిన్‌నే సూక్ష్మజీవుల చేత తయారు చేయించే పద్ధతికి 1990లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. మన దేశంలో మామూలుగా దొరికే ప్రాసెస్డ్ చీజు క్యూబులు, ముక్కల మీద చతురస్రంలో ఆకుపచ్చ చుక్క ఉంటుంది. మాంసాహార పదార్థాలు, జంతువుల శరీరంలోంచి తీసినవి కలిసిన వస్తువుల మీద పూర్వం గోధుమరంగు చుక్క ఉండేది. 2020 నాటి నిబంధనలు వచ్చాక దాని స్థానంలో గోధుమరంగు త్రికోణం పెడుతున్నారు. రంగులు సరిగా ఆనని పెద్దవాళ్ళు కూడా ఆకారం చూసి పోల్చుకోవచ్చు. ఈ గుర్తులు మన దేశంలో అమ్మే పొట్లాల మీద ఉంటాయి. చుట్టాలు పెట్టెలో తెచ్చిన వస్తువు మీద ఉండవు. అక్కడ చీజు కొనేవారు శాకాహారులకి తగినదని రాసి ఉన్నదే చూసి కొనాలి. పాలు, ఉప్పు అని మాత్రమే చూసి ఇది శాకాహారమే అనుకోకూడదు, నేను అనుకున్నట్టు. పిల్లలు పైదేశాల్లో ఉన్నవారు ఈ ఒక్క ముక్క వాళ్ళకి చెప్పి ఉంచండి. ప్రేమగా తెచ్చే వస్తువు కనుక తర్వాత వద్దనడం కష్టం.

అయినా అనుమానం తీరకపోతే ఇంట్లో చేసిన పన్నీరు వాడుకోండి. పన్నీరు కరగదు కనుక మెత్తగా చిదిపి, పావు కప్పు పాలు ఎక్కువ పోసి కలపాలి. రుచి కాస్త చప్పగా ఉంటుంది, మిరియాలు ఒక అర చెంచా పెంచితే సరి.

రెండు నెలలయ్యాక ఒక నాలుగో శనివారం సాయంత్రం అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఇవాళ ఆ గొట్టాలు చెయ్యవూ?" అని అడిగింది. నేను మాట్లాడకుండా ఫ్రిజ్‌లోంచి చీజు డబ్బా తీసి చేతికిచ్చాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, దీపం కిందికి వెళ్ళి, ఆకుపచ్చ చుక్క వెతికి పట్టుకుంది. అంతటితో ఊరుకోలేదు. మనవరాల్ని పిలిచింది.

"అమ్మడూ, చుక్క సరే. లోపల ఏం వేశారో చదువు. తోడు దేనితో పెట్టారు?"

మా అమ్మాయి ఇంగ్లీషులో ఉన్నది చదివి నాన్నమ్మకి తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, సగం మాటలు కన్నడంలో, ఇంగ్లీషులో దొర్లుతాయి. ఎంజైమ్‌కి తెలుగేమిటో తెలియక తడుముకుంది. "అదేనే, తోడు" అని నాన్నమ్మే అందించింది. "ఆఁ, తోడు నాన్నమ్మా. బూజులోంచి తీసిన తోడు. దూడది కాదు" అంది అమ్మాయి. పాలపొడి, ఉప్పు, రంగు, నిలవ ఉండడానికి వేసినవి, అన్నీ ఒక్కొక్కటే ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. నీళ్ళు మరిగి మరిగి సగం ఆవిరైపోయాయి, నేను మళ్ళీ పోసుకోవలసి వచ్చింది.

అప్పటినుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఏ కొత్త పొట్లం వచ్చినా ముందు నాన్నమ్మ, మనవరాలు కూర్చుని చదవాలి, తర్వాతే అది పొయ్యి దగ్గరికి రావాలి. అరగంట వంటకి మరో పావుగంట కలిసింది. మా ఆవిడకి ఆ రెండు రాత్రులూ కుర్చీలో కూర్చుని తినే తీరిక దొరికింది. నలుగురం ఒకే గిన్నెలోంచి, ఒకే వేళకి తింటున్నాం. నా చారన్నం మర్నాటికి వాయిదా పడుతుంది, అంతమాత్రాన పోయేదేమీ లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పెట్టేముందు ఒక్క మాట అడగండి: తోడు దేనితో? తర్వాత నిశ్చింతగా వండండి. వండాక ఎలా వచ్చిందో, మీ ఊళ్ళో ఏ ఆకుకూర వేశారో ఉత్తరం రాయండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.